ఎస్సెన్ నగరమున వెచ్చముల కొట్టు



విదేశయాత్ర చేసి వచ్చినవారు వ్రాయు వ్యాసములలో కోటలు, చర్చీలు, చిత్రశాలలు, నదీతీరములు వర్ణింపబడుట వాడుక. నేనును 2025వ సంవత్సరము వేసవిలో జర్మనీ దేశమునకు పోయి డెబ్బది దినము లుండి వచ్చితిని. రైను నదిని చూచితిని. కొలోను నగరమందలి పెద్ద చర్చి గోపురములను మెడ నొప్పిపుట్టువఱకు తలయెత్తి చూచితిని. కాని యిల్లు చేరిన పిదప ఇరుగుపొరుగు వారు "ఏమేమి చూచితిరి?" అని యడిగినప్పుడు నా నోట ముందుగా వచ్చిన మాట ఒక వెచ్చముల కొట్టును గూర్చినది. వారు నవ్విరి. మీరును నవ్వవచ్చును. ఇల్లు నడుపుకొను ఆడుదానికి ఏ దేశమున కేగినను మొదట కంటబడునది పప్పు ధరయే గదా!

మా యమ్మాయి జర్మనీ పడమటి భాగమున ఎస్సెన్ నగరములో చదువుచున్నది. ఆ దేశమునకు చదువబోవు మన పిల్లలు మొదటి యేటి ఖర్చునకు తగిన సొమ్మును ముందుగానే బ్యాంకిలో వేసి చూపవలయును. అది నెలనెలకు ఇంతయని వారికి అందుచుండును. అమ్మాయి వెళ్లిన 2023లో ఆ మొత్తము 11,208 యూరోలు. 2024 సెప్టెంబరు నుండి 11,904 యూరోలయినది. 2025లో యూరో యొకటి నూరు రూపాయల దాపున నుండెను గనుక, ఎంత సొమ్మో మీరే లెక్క వేసికొనుడు. మేము తెనాలిలోని యిల్లు తాకట్టు పెట్టి సమకూర్చితిమి. రెండవ యేటి ఖర్చునకు తాను చదువుకొనుచునే ఏదో యొక గిడ్డంగిలో పని చేసి సంపాదించుకొనుచున్నానని అమ్మాయి చెప్పుచుండెను. ఫోనులో అడిగినప్పుడెల్ల "బాగుగా తినుచున్నాను, అమ్మా" అనియే దాని జవాబు.

నేను శనివారము రాత్రి చేరితిని. మఱునాడు ఆదివారము. ఆ దేశమున ఆదివారమునాడు అంగళ్లు తెఱువరాదని చట్టము కలదు. రైలుస్టేషనులలోని కొట్లు, రొట్టెల దుకాణములు కొన్ని మాత్రము మినహాయింపు. వంటయింటి అలమార తెఱచి చూచితిని. సగము సంచి బియ్యము, కొంచెము ఎఱ్ఱకందిపప్పు, రెండు ఉల్లిగడ్డలు, ఒక పాలడబ్బా. ఇంతియే. "శనివారము నిన్ను తీసికొని వచ్చు తొందరలో వెచ్చములు తేలేదు" అని అమ్మాయి ముఖము త్రిప్పుకొన్నది. నా పెట్టెలో ఆవకాయ, కందిపొడి ఉండెను గనుక ఆ పూట గడచినది. అప్పుడా మాటను నేను నమ్మితిని.

సోమవారము ఉదయము ఇద్దరమును సంచులు పట్టుకొని బయలుదేఱితిమి. ఐరోపా దేశపు పెద్దయంగడి యనగా అద్దాల మేడలు, దీపాల తోరణములు నుండునని నా యూహ. అచ్చట చూడగా మన ధాన్యపు కొట్టువలె నేలబారుగా నున్న యొక కట్టడము, ముందు బండ్లు నిలుపుకొను చోటు, తలుపుపై ఆల్డీ యను పేరు. అంతకంటె అలంకార మేమియు లేదు.

ద్వారము చెంత సరకులు వేసికొను తోపుడుబండ్లు ఒకదానిలో నొకటి దూర్చి గొలుసులతో బంధించి యుండెను. బండి పిడికి చిన్న పెట్టె యొకటి కలదు. దానిలో యూరో బిళ్ళ దూర్చినచో గొలుసు ఊడును. పని ముగిసి బండిని తెచ్చి మరల గొలుసు తగిలించినచో బిళ్ళ బయటికి వచ్చును. ఎంత చిన్న యుపాయము! బండ్లను ప్రోగుచేయుటకు వేఱుగా కూలివాడు అక్కఱలేదు. ఆ కూలి సరకు ధరలో చేరదు. ఒక యూరో కొఱకు గొప్పవారును బీదవారును సమానముగా బండిని తోసికొనివచ్చి స్వస్థానమున నిలుపుచున్నారు. బిళ్ళ మఱచి వచ్చువారికై అదే పరిమాణము గల ప్లాస్టికు బిళ్ళలును ఉన్నవి. అమ్మాయి తాళపుచెవుల గుత్తికి అట్టి దొకటి వ్రేలాడుచుండెను.

లోపల ప్రవేశించినంతనే నాకు తోచినది, సరకు లింకను సర్దలేదేమో యని. పిండి, పంచదార, నూనె, బిస్కట్లు అన్నియు వచ్చిన అట్టపెట్టెలలోనే యున్నవి. పెట్టె ముందు ప్రక్కను చింపి అట్లే వరుసగా పేర్చిరి. ఒక్కొక్క పొట్లమును తీసి అమర్చు శ్రమ లేదు. ఖాళీయైన పెట్టెను లాగివేసినచో వెనుకటిది ముందుకు వచ్చును. ఇంకొక విశేషము: రకములు తక్కువ. పెద్ద సూపరుమార్కెట్లలో వేలకు వేలు రకములుండగా ఇచ్చట రెండువేలకు లోపుగానే యుండునట. మన పెద్ద బజారులో నేతి డబ్బాలు పది కంపెనీలవి చూచి ఏది కొందునా యని అరగంట నిలువబడు అలవాటు నాది. ఇచ్చట గోధుమపిండి యనగా దాదాపు ఒక్కటియే, ఉప్పు ఒక్కటియే. రకము ఒక్కటే యైనప్పుడు అంగడివాడు దానిని కొండంత రాశిగా కొనును. రాశిగా కొన్నవానికి బేరము చులకన. పైగా చాల సరకులపై ఆ యంగడి తన సొంత పేరులే వేయించును. వానికి ప్రకటనల ఖర్చు తక్కువ.

ధర చీటీలను చదువుట అమ్మాయి నాకు నేర్పినది. ప్రతి చీటీపైని పెద్ద యక్షరములలో పొట్లము ధర, దాని క్రింద చిన్న యక్షరములలో కిలోకు గాని లీటరుకు గాని పడు ధర యుండును. అట్లు వ్రాయవలయునని ఆ దేశపు చట్టము. అమ్మాయి పెద్ద యక్షరముల వంక చూడనే చూడదు. వంగి చిన్న యక్షరములనే చూచును. పొట్లములు 400 గ్రాములు, 750 గ్రాములు అని తలకొక విధముగా నుండి మన కన్ను గప్పును. కిలో ధర యెదుట ఆ మాయ సాగదు. మన దేశమునను పొట్లముపై గ్రాముకో కిలోకో పడు ధర ముద్రింపవలయునని నియమము వచ్చినది. పాఠకురాండ్రు ఈసారి బజారునకు పోయినప్పుడు పొట్లము వెనుకకు త్రిప్పి చూడగోరెదను. పెద్దది కొన్నచో చౌక యను మన నమ్మకము అన్నిటికిని చెల్లదని తెలియగలదు.

అచ్చట బాసుమతి బియ్యము, ఎఱ్ఱకందిపప్పు, పెరుగు, పాలు, బంగాళాదుంపలు, క్యాబేజీ, ఉల్లి దొరకును. చింతపండు, మినపప్పు, కరివేపాకు దొరకవు. వానికై ఆసియా వారి దుకాణమునకు పోవలయును. అచ్చట పిడికెడు కరివేపాకు పొట్లము ధర విని నేను మా పెరటి చెట్టును తలచుకొని నిట్టూర్చితిని.

అంగడి నడుమ నొక వరుస కలదు. దానిలో ఈ వారము మేజోళ్లు, పై వారము మూకుళ్లు, ఆపై వారము తోటపని పారలు వచ్చును; అయిపోయిన పిదప మరల రావు. పొదుపునకై వచ్చిన స్త్రీ ఓడిపోవు చోటు ఇదియే. నేను ఒక మూకుడును చేత పట్టుకొనగా అమ్మాయి తీసి మరల అచ్చటనే పెట్టినది.

ఇక సొమ్ము చెల్లించు చోట జరిగినది చెప్పవలయును. గుమాస్తా కుర్చీలో కూర్చుండి పని చేయును. కదలు పట్టీపై మన సరకులు మనమే పెట్టవలయును. నా సరకులకును వెనుకనున్న వారి సరకులకును నడుమ ఒక కఱ్ఱ. గుమాస్తా చేయి కదలుట నాకు కనబడలేదు. సరకులు మాత్రము ఇటు వచ్చి పడుచుండెను. పొట్లము ఎటు త్రిప్పినను గీతల గుర్తు తగులునట్లు పెక్కు ప్రక్కల పెద్దదిగా ముద్రించుట ఆ వేగమునకు కారణమట. ధర చదువు యంత్రములు ఆ యంగళ్లకు ఆలస్యముగా వచ్చినవి. అంతకుముందు గుమాస్తాలు ధరలను కంఠస్థము చేసి యంత్రముకంటె వేగముగా మీటలు నొక్కెడివారట. నేను మన వాడుక ప్రకారము ఒక్కొక్క పొట్లమును సంచిలో అందముగా సర్దబోయితిని. వెనుక వరుస ఆగిపోయినది. ఎవ్వరును ఏమియు అనలేదు. అదియే నాకు మఱింత సిగ్గయినది. "అమ్మా, అన్నియు బండిలో త్రోసివేయుము, సర్దుకొనుట అవతల" అని అమ్మాయి రెండు చేతులతో ఊడ్చినట్లు బండిలోనికి లాగి వేసినది. అద్దము ప్రక్కనున్న బల్లకడకు పోయి తీరికగా సంచులు నింపుకొంటిమి.

కొసరు లేదు. మన పచారి కొట్టులో తూకము ముగిసిన పిదప చిటికెడు జీలకఱ్ఱయో, చంకలోని బిడ్డ చేతికి బెల్లపు ముక్కయో పడును. అచ్చట కుశలప్రశ్నయు లేదు, కొసరును లేదు. ఒక మాట మర్యాదకు పలికి చీటీ చేతికిచ్చుటయే. నాకు మొదట అది దయమాలిన కొట్టుగా తోచినది.

ఈ కొట్టు పుట్టిన చోటు ఆ నగరముననే యున్నదని విని ఒక శనివారము ట్రాము ఎక్కి పోయితిమి. ఎస్సెన్ ఒకప్పుడు బొగ్గునకును ఉక్కునకును పేరొందిన పట్టణము. నగరమునకు ఉత్తరమున జోల్‌వెరైన్ అను గొప్ప బొగ్గుగని కలదు. అది 1986లో మూతపడినది. 2001లో ప్రపంచవారసత్వ స్థలముగా గుర్తింపబడినది. ఎఱ్ఱని యినుప గోపురము క్రింద ఇప్పుడు యాత్రికులు ఛాయాచిత్రములు తీసికొనుచున్నారు. దానికి దగ్గరలోనే షోన్నెబెక్ అను గనిపనివారి పేట. అచ్చట 1913లో ఆల్బ్రెక్టు కుటుంబమువారు ఒక చిన్న కొట్టు మొదలుపెట్టిరి. తండ్రి గనిలో పనిచేసి, పిదప రొట్టెల పనిలో ప్రవేశించినవాడు. కొట్టు నడిపినది తల్లి. ఆమె పేరు అన్నా. ఆ వీధులలో నడచుచు నేను ఆమెనే తలచుకొంటిని. గనిలోనికి దిగిన మగవారు తిరిగి వచ్చువఱకు చేతిలోని నాలుగు కాసులతో పిల్లలకు రొట్టె కొనవచ్చు స్త్రీలను ఆమె దినదినమును చూచియుండవలె. పైసాకు విలువ యెంతయో అట్టిచోట తెలిసినట్లు మఱెచ్చట తెలియును?

ఆమె కుమారులు కార్లు, థియో అనువారు యుద్ధానంతరము 1946లో కొట్టును చేతికి తీసికొనిరి. ఆ కాలమున పెద్దయంగళ్లవారు కొన్నవారికి తగ్గింపు బిళ్ళలు ఇచ్చి, అవి ప్రోగైన పిదప సొమ్ము వాపసు చేసెడివారు. తగ్గింపునకు చట్టమిచ్చిన హద్దు నూటికి మూడు. ఈ సోదరులు బిళ్ళల తంటా లేకుండ ఆ మూడును ధరలోనే ముందుగా తగ్గించివేసిరి. అమ్ముడుపోని సరకు నుంచెడివారు కారు, ప్రకటనలు వేసెడివారు కారు. 1960 నాటికి కొట్లు మూడువందలయ్యెను. అప్పుడు సిగరెట్లు అమ్మవలయునా వలదా యను విషయమున అన్నదమ్ములకు పొసగక ఉత్తర దక్షిణములుగా పంచుకొనిరట. ఆల్డీ యను పేరు 1962లో వచ్చినది. ఆల్బ్రెక్టు అను ఇంటిపేరును, తగ్గింపును తెలుపు మాటయును కలిపినది. థియోను 1971లో దుండగులు ఎత్తుకొనిపోయి పదునేడు దినములు బంధించి డెబ్బది లక్షల మార్కులు పుచ్చుకొని వదలిరి. ఆ సొమ్మును వ్యాపారపు ఖర్చుగా లెక్కించి పన్ను తగ్గింపుమని ఆయన తరువాత కోరెనని చెప్పుదురు. పొదుపు ముదిరినచో ఎంతవఱకు పోవునో చూచితిరా!

చౌక యనునది ఆకాశమునుండి ఊడిపడదు. 2008 మే, జూన్ నెలలలో ఆ దేశపు పాడిరైతులు తమకు గిట్టు ధర రాలేదని డెయిరీలకు పాలు పోయుట మాని, పాలను నేలపాలు చేసిరి. లీటరు పాలు ఒక యూరోకు అటునిటుగా చేతికి వచ్చునప్పుడు నాకు సంతోషముతోబాటు ఈ మాటయు జ్ఞప్తికి వచ్చుచుండెను. అయినను కొనకుండ ఉండలేదు. అబద్ధ మేల?

ఇప్పుడు నా సొంతమాట ఒకటి. నేను 1988లో కాపురమునకు వచ్చితిని. మా వారు ఉపాధ్యాయులు. జీతము మూడు నాలుగు నెలల కొకసారి వచ్చెడిది. వీధి మొగనున్న పచారి కొట్టులో మాకు ఖాతా ఉండెను. ఒకనాటి సాయంకాలము నూనెడబ్బా పట్టుకొని పోగా, నలుగురు నిలుచుండియుండగా, కొట్టువాడు చిట్టా పుటలు త్రిప్పి పాతబాకీ గట్టిగా చదివి, "ఇది ముట్టిన తరువాతనే నూనె, అమ్మగారూ" అనెను. ఖాళీడబ్బాతో నేను తిరిగి వచ్చిన దారి యిప్పటికిని నాకు కలలోనికి వచ్చుచుండును. అటుపై చాలకాలము మఱదిని పంపెడిదానను. కాని అదే కొట్టువాడు మా మామగారు పోయిన దినమున ఎవరును అడుగకయే బియ్యపు బస్తాను గుమ్మములో దింపించి, నెలమాసికములు దాటువఱకు బాకీ మాట యెత్తలేదు. ఎరిగిన కొట్టనగా ఇట్టిది.

ఎస్సెన్‌లో ఒకనాడు అమ్మాయి కళాశాలకు పోయినప్పుడు బల్లపైనున్న లెక్కల పుస్తకము తీసితిని. పరుల పుస్తకము చదువుట తప్పే. ప్రతి వారపు వెచ్చములును పైసాలతో సహా వ్రాసియున్నవి. చూచి మురిసితిని. ఫిబ్రవరి పుట వచ్చినప్పటికి జమ వైపున "సీసాలు 16 — 4 యూరోలు" అని యుండెను. దాని క్రింద బియ్యము, పప్పు, పాలు. మఱి నాలుగు దినములు ఏమియు లేదు. తరువాత మరల "సీసాలు 9".

ఆ దేశమున పెక్కు పానీయముల సీసాలకును డబ్బాలకును 25 సెంట్లు ధరావతు కలదు. ఖాళీసీసాను అంగడిలోని యంత్రమున కందించినచో చీటీ వచ్చును. ఆ చీటీని సొమ్మువలె చెల్లించవచ్చును. అమ్మాయి సోడాలు త్రాగునది కాదు.

సాయంకాలము వచ్చిన పిదప అడిగితిని. ఆ నెలలో గిడ్డంగిలో పని లేదని పంపివేసిరట. అద్దె కట్టిన పిదప మిగిలినది లేదు. వసతిగృహములో తోటివారు పాఱవేసిన సీసాలు ఏరినది.

"మాకు ఒక్కమాట చెప్పకపోతివేమే?"

"చెప్పినచో నాన్నగారు ఇంకొక అప్పు చేయుదురు. పదునైదు దినములే గదా యనుకొంటిని."

"ఎవరైన చూచినారా?"

"చూచినను ఎవరికి పట్టును, అమ్మా? యంత్రము చీటీ యిచ్చును, చీటీకి పాలు వచ్చును. ఎందుకని ఎవ్వరును అడుగరు. నాకు అదియే మేలయినది. నిన్ను నలుగురిలో నిలబెట్టిన కథ నీవే గదా చెప్పితివి!"

నాకు జవాబు తోచలేదు. ఆ మాట నిజమే. ఖాళీడబ్బాతో తిరిగి వచ్చిన అవమానము నా బిడ్డకు తగులలేదు. ఆ కొట్టులో అందఱికిని ఒకే ధర, ఒకే మౌనము. కాని గుమ్మములో బియ్యపు బస్తా దింపించు వాడును అచ్చట లేడు. నాలుగు దినములు పిల్ల కొట్టునకు రాలేదే యని తలచు వారు ఆ నగరమంతటిలో ఒక్కరును లేకపోయిరి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి లేచి, ఏమియు తోచక, ఉన్న పిండితో చపాతీలు చేసితిని. అది రెండు హెచ్చుగా తినినది.

అప్పు చేయరాదని అది, దాచరాదని నేను పట్టుబట్టితిమి. చివరకు ఒక యేర్పాటు కుదిరినది. ప్రతి శనివారమును ఆ పుస్తకపు పుటను ఛాయాచిత్రము తీసి నాకు పంపవలయును. నేను దానిని విమర్శింపరాదు, చదువవలయును, అంతే. పని మరల దొరికినది గనుక ఇప్పుడు భయము లేదని అది చెప్పును. చెప్పుటకేమి, ఫిబ్రవరిలోను అట్లే చెప్పినది!

బయలుదేఱు ముందు నేను ఒక్కదాననే ఆ కొట్టునకు పోయితిని. బిళ్ళ దూర్చి బండి తీసి, చిన్న యక్షరముల ధరలు చూచి, అలమారకు సరిపడ బియ్యము, పప్పు, నూనె, పంచదార పట్టీపై పేర్చితిని. గుమాస్తా వేగమునకు ఈసారి నా చేతులును అందుకొనినవి. బయటికి వచ్చి బండిని గొలుసునకు తగిలింపబోగా ఒక ముదుసలి తన యూరో బిళ్ళను నా చేతిలో నుంచి బండిని అట్లే తీసికొన్నది. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఇద్దరమును తల యూపుకొంటిమి.

ఇంటికి వచ్చి నాలుగు శనివారములు గడచినవి. నాలుగు పుటలు వచ్చినవి. సీసాల పద్దు లేదు. క్రిందటి వారపు పుటలో చివరి పంక్తియందు, ఆసియా దుకాణము, కరివేపాకు రెండు పొట్లములు, అని వ్రాసియుండెను. ధర చూచి ఏదో అనబోయి, యేర్పాటు జ్ఞప్తికి వచ్చి ఊరకుంటిని.